గాలి లెక్క

ఒక గ్రాము పెట్రోలు సరిగా కాలడానికి ఇంచుమించు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ధర మనకు కంఠస్థం. ఇంజను పీల్చే గాలి మాట ఎవరికీ పట్టదు. ఊరికే వచ్చేదాని లెక్క ఎవరడుగుతారు?

మా పాత కారు అడిగించింది. నాన్నగారికి వారానికి మూడు పర్యాయాలు డయాలిసిస్. తెల్లవారుజామునే ఉప్పల్ నుండి బయలుదేరాలి. మా బావమరిది ముచ్చటపడి, "బావా, దీనితో బండి పరుగు తీస్తుంది చూడు" అంటూ నూనె పట్టించిన నూలు ఫిల్టరొకటి తెచ్చి, తానే బిగించి వెళ్ళాడు. పది రోజులు ఏ ఇబ్బందీ లేదు. ఆపైన ఫ్లైఓవరు ఎక్కేటప్పుడల్లా బండి తటపటాయించసాగింది. యాక్సిలరేటరు తొక్కితే ఒక్క క్షణం నీరసించి, కుదుపుతో కదిలేది. వెనుక సీటులో నాన్నగారు పైనున్న పట్టీని పట్టుకునేవారు (ఫిస్టులా లేని చేత్తో). ఏమీ అనేవారు కారు. ఆ మౌనమే నాకు కష్టంగా ఉండేది.

ఇంజను దీపం వెలిగింది. పెట్రోలు పంపు మార్చాలన్నాడు మెకానిక్. తొందరపడక, చిన్న స్కానరొకటి సంపాదించి స్టీరింగు కింది సాకెట్టులో గుచ్చాను. పి0171 అని వచ్చింది. అనగా, గాలికి తగినంత పెట్రోలు అందడం లేదు. గొట్టం వదులై గాలి దొంగచాటుగా చొరబడుతుంటే, ఆ లోటు బండి నిలిచి ఉన్నప్పుడే ఎక్కువ కనబడాలి. వేగం పెరిగితే తగ్గాలి. ఇక్కడంతా తలకిందులు! నిలిచి ఉంటే దాదాపు మామూలే. 2500 చుట్ల వద్ద కంప్యూటరు 18 శాతం పెట్రోలు అదనంగా కలుపుకుంటున్నది. పంపు మీది అనుమానం తీరడానికి ఇంధన పీడనం కొలిపించాను. సరిగానే ఉంది.

మిగిలింది గాలిని కొలిచే సెన్సరు. ఫిల్టరు దాటగానే ఉంటుందది. అందులో ఒక సన్నని తీగ కరెంటుతో వేడెక్కి ఉంటుంది. పోయే గాలి దానిని చల్లారుస్తుంది. ఆ వేడి నిలపడానికి ఎంత కరెంటు కావాలో, దానినిబట్టి గాలి ఎంతో తెలుస్తుంది. ఫిల్టరుకు నూనె ఎక్కువైతే ఆ తుంపర తీగను చేరి, ధూళితో కలిసి పొర కడుతుంది. దుప్పటి కప్పుకున్నవాడికి చలిగాలి ఏం తెలుస్తుంది? గాలి తక్కువగా ఉన్నదని తీగ చెబుతుంది, పెట్రోలు తక్కువ పడుతుంది.

సెన్సరు విప్పి, దానికోసమే అమ్మే స్ప్రేతో కడిగాను. తీగను వేలితో తాకరాదు, గుడ్డతో తుడవరాదు. దానంతట అది ఆరాలి. పాత రకం కాగితపు ఫిల్టరు వేసి, కోడు చెరిపేశాను. మర్నాడు ఫ్లైఓవరు మీద నాన్నగారి చేయి పట్టీ వైపు పోలేదు. వారం తిరిగేసరికి ఆ 18 శాతం 3కు దిగింది.

అన్నట్టు, 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు పరీక్షించి, నేటి తరం ఇంజన్లలో ఫిల్టరు మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంత తగ్గదని తేల్చారు. మామూలు నడకలో గాలిని నిలువరించేది ముఖ్యంగా థ్రాటిలు. ఫిల్టరు వాటా స్వల్పం. దుమ్ము రేగే మన రోడ్ల మీద ఫిల్టరు నుండి కోరవలసింది దుమ్మును ఆపడమే.

బావమరిది మొన్న ఫోనులో, "పికప్ ఎలా ఉంది బావా?" అన్నాడు. చాలా బాగుందన్నాను. నూలు ఫిల్టరు అటక మీద, డబ్బాలో భద్రంగా ఉంది.