మా వరండాలో విశాఖపట్నం

నాకు ముప్పై ఆరేళ్లు. పిల్లలతో బొమ్మలకొలువు పెట్టడమంటే ఏమిటో ఈ సంక్రాంతికి తెలిసింది. ఇన్నాళ్లూ నాకెవరూ ఎందుకు చెప్పలేదండీ!

మాది కరీంనగర్. తంగేడు పూలూ గునుగు పూలూ తాంబాళంలో పేరుస్తూ పెరిగినదాన్ని. సంక్రాంతి అంటే మాకు ముగ్గులు, సకినాలు, గాలిపటాలు. కొలువును సినిమాల్లో చూడటమే. విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్‌కి వచ్చాక కూడా, అది బీరువా నిండా తాతలనాటి బొమ్మలున్న వాళ్ల వేడుకనుకుని దూరంగానే ఉన్నాను.

జనవరి మొదటివారంలో పక్కింటి మామ్మగారు గోడ మీంచి అడిగారు. “ఏటమ్మా, సెలవులిచ్చేస్తున్నారు కదా, పిల్లల చేత కొలువు పెట్టించవా?”

మా ఇంట్లో బొమ్మల్లేవన్నాను.

“అన్నీ కొనుక్కొచ్చి పెడితే అది కొట్టవుతాది, కొలువెలాగవుతాది? పిల్లలు చెయ్యాల. ముందు పళ్లేల్లో మట్టి పోసి చోళ్లు చల్లించు.”

చోళ్లంటే మా రాగులే. మూడు పాత పళ్లేల్లో మట్టిని గుట్టలుగా పోసి, చోళ్లు చల్లి, తడిగుడ్డ కప్పాం. పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించే పని ఐదేళ్ల చిన్నదానిది. నాలుగో రోజు పొద్దున్న అది పెట్టిన కేకకి పాలగిన్నె వదిలేసి పరుగెత్తాను. గుడ్డ కింద సన్నటి తెల్లటి మొలకలు! మర్నాటికి పచ్చబడ్డాయి. అరచెయ్యి ఆనిస్తే పిల్లి వీపులా మెత్తగా ఉంది. నేనూ పదిసార్లు ఆనించి చూశాను.

“ఇవి ఏ కొండలమ్మా?” అంది చిన్నది. నాకు తోచలేదు. మామ్మగారి ఆయన పోర్టులో పనిచేసి రిటైరైనవారు. ఆయన్నడిగితే ఒక్క క్షణం ఆలోచించలేదు. “మూడున్నాయంటే రేవు దగ్గరి కొండలే. రాస్ కొండ మీద మేరీమాత గుడి, దాని పక్కన దర్గా కొండ, ఇంకోదాని మీద వెంకన్న. ముగ్గురూ ఓడలకి కాపలా.”

అంతే. రాజూరాణీ, పెళ్లివారూ అనుకున్న మా కొలువు ఒక్క మాటతో విశాఖపట్నమైపోయింది. అట్టముక్కలతో గుడి, చర్చి, దర్గా లేచాయి. నా నీలం చీర వరండా గచ్చు మీద సముద్రమై పరుచుకుంది. మిగిలిన మట్టంతా ఒక పక్కకి పోగేసి డాల్ఫిన్స్ నోస్ అన్నారు. దాని కొసన మందుసీసా మూతలు ఒకదాని మీదొకటి అంటించి, పైన సీరియల్ లైటు బుడ్డి ఒకటి గుచ్చితే లైట్‌హౌస్.

తాతగారు ఇక కుర్చీ తెచ్చుకుని మా వరండాలోనే కూర్చున్నారు. కాగితం పడవలు చేస్తుంటే ఆయన కథలు విన్నది పిల్లలకన్నా నేనే ఎక్కువ. 1933 అక్టోబరు 7న ఈ రేవులోకి మొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ. రేవు కట్టే రోజుల్లో అలల ధాటి ఆపడానికి పాత ఓడలు రెండింటిని రాళ్లతో నింపి, కావాలనే ముంచేశారట! ఓడలతో గోడ! చిన్నది మారుమాట్లాడకుండా రెండు పడవల్లో గులకరాళ్లు పోసి చీర మడతలో పాతిపెట్టింది. పెద్దవాడు ఇంకో పడవ మీద ‘జలదుర్గ’ అని రాసి, దాన్ని ఆ గోడ పక్కనుంచి లోపలికి నడిపించాడు.

వాడికి పదేళ్లు, రైళ్ల పిచ్చి. అగ్గిపెట్టెలు గుచ్చి గూడ్సు బండి చేశాడు. అది ఎక్కణ్ణుంచి రావాలని తాతగారినడిగాడు. ఛత్తీస్‌గఢ్‌లో బైలడిల్లా గనులు, అక్కడి ఇనుప ఖనిజం జపానుకు పంపడానికి 1960లలో వేసిన కిరండూల్ - కొత్తవలస లైను, అరకు కొండల్లో సొరంగాలు. ఆ లైన్లోనే కదా మేం అరకు వెళ్లొచ్చింది! కిటికీలోంచి ఫొటోలు తీసుకున్నానే తప్ప, పక్క పట్టా మీద పోయే ఎర్రదుమ్ము వ్యాగన్లు ఎటు పోతున్నాయని ఒక్కసారైనా అనుకోలేదు. అవి వచ్చేది మా ఇంటాయన పనిచేసే ఉక్కు ఫ్యాక్టరీకే.

బి షిఫ్టు దిగి వచ్చిన ఆయన యూనిఫాం విప్పకుండా నేల మీద చతికిలబడ్డారు. పేపరు గ్లాసులు తిప్పి, బోర్లించి, బ్లాస్ట్ ఫర్నేస్ నిలబెట్టారు. పైనుంచి ఖనిజం, కోకు, సున్నపురాయి, కిందనుంచి వేడిగాలి, అడుగున కరిగిన ఇనుము. నారింజ రంగు కాగితం చీల్చి ఆ ధారను ఆయనే అంటించారు. “దీని పేరు గోదావరి,” అన్నారు. పేరా? అవునట. 1990లో మొదట రగిలింది గోదావరి. తర్వాతది కృష్ణ. 2012లో వచ్చింది అన్నపూర్ణ. నిప్పుల కొలిమికి నది పేరు పెట్టారు! పదకొండేళ్లుగా ఆయన ‘ఫర్నేస్‌కి వెళ్తున్నా’ అంటుంటే క్యారేజీ కట్టిచ్చాను, ఆ పేరు మాత్రం ఇప్పుడే విన్నాను. ఆ రాత్రి పన్నెండు దాకా ఎవరం పడుకోలేదు.

పొడుగు వంకాయతో కురుసుర సబ్‌మెరైన్ కూడా చేశాం. 1969 నుంచి 2001 దాకా సముద్రంలో తిరిగి, ఇప్పుడు బీచ్ ఒడ్డున మ్యూజియమై కూర్చున్నదే. తొడిమె దానికి చుక్కాని. మూడోరోజుకి ముడతలు పడింది కానీ, మొదటిరోజు ఆ నిగనిగ చూడాలి!

భోగినాడు పొద్దున్న మామ్మగారు ఒక గుడ్డమూట తెచ్చారు. ఏటికొప్పాక లక్కపిడతలు. వరాహ నది ఒడ్డున, అంకుడు కర్రను తరిమెన పట్టి, గింజలూ వేళ్లూ ఉడికించి తీసిన రంగుల్ని లక్కలో కలిపి అద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వీటికి. ఈవిడ పిడతలు మాత్రం ఆవిడ పెళ్లినాటివి. పసుపు ఇంకా పసుపుగానే ఉంది. మూడు మెట్లు కట్టి, పైమెట్టు మీద వాటిని పెట్టాం. ఊరంతా కింద, వంటిల్లు పైన.

సాయంత్రం భోగిపళ్లు పోయడానికి వచ్చిన పేరంటాళ్లు శనగలు చేత్తో పట్టుకునే కొలువు ముందు కూర్చుండిపోయారు. ఒకావిడ గోదావరి ముందు వంగి, “మా నాన్న ఇందులోనే చేశాడమ్మా,” అని తన పిల్లకి చూపించింది. ఇంకొకావిడ పోస్తుంటే పిల్లల తల మీంచి జారిన రేగుపండు చీర సముద్రంలోకి దొర్లితే, చిన్నది దాన్ని లంగరు వేసిన ఓడ అంది.

కనుమ రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి, మర్నాడు కొలువు ఎత్తేశాం. చోళ్ల పళ్లేలు మాత్రం ఇంకా గోడ మీదున్నాయి, పిచ్చుకలొస్తున్నాయి. అసలు గూడ్సుకి 58 వ్యాగన్లుంటాయని పెద్దవాడు గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టుకొచ్చాడు. వచ్చే సంక్రాంతికి అన్నీ ఉండాలట. వీధిలో ఎవరింట అగ్గిపెట్టె ఖాళీ అయినా మా ఇంటికే వస్తోంది. ఇప్పటికి 41 అయ్యాయి.