లష్కరు బజారులో పంట్లాముల సవరణ

సికింద్రాబాదును పెద్దలు నేటికిని లష్కరనియే పిలుతురు. లష్కరనగా దండు. నిజాము ప్రభువు 1798లో ఆంగ్లేయులతో చేసికొనిన ఒడంబడిక ననుసరించి వచ్చిన సేనలు హుస్సేను సాగరమునకు ఉత్తరమున విడిసినవి. ఆ విడిదియే 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదైనది. దండు దిగినచోట దర్జీ దిగక తప్పదు. మన చీరకును ధోవతికిని కట్టుట చేతనైన చాలును. ఒకే చీర తల్లికి, కూతురికి, కోడలికి సరిపోవును. పంట్లామున కా యౌదార్యము లేదు. అది ఒక్క నడుమునకును ఒక్క జత కాళ్లకును మాత్రమే కుదురును. కావున పంట్లాములు తొడుగువారున్న ఊర వానిని సవరించువారును ఉండవలసినదే.

ఇప్పుడా దుస్తు సిపాయిల సొత్తు కాదు. మన యాడపిల్లలు కళాశాలలకును ఉద్యోగములకును పంట్లాములు తొడిగికొని పోవుచున్నారు. మా మేనకోడలికి ఈ యేడు హైదరాబాదులో ఉద్యోగమైనది. అందుకై తెప్పించుకొనిన మూడు పంట్లాములలో ఒక్కటియు ఆమెకు కుదరలేదు. ఒకటి నడుముకడ సంచివలె వదులు. ఒకటి తొడలకడ బిగువు. మూడవది నేలను ఊడ్చుచుండెను. ఆ పిల్ల అద్దము ముందు నిలిచి, "నా ఒళ్లే ఇంత, అత్తయ్యా! నాకివి నప్పవు" అని కన్నుల నీరు పెట్టుకొనెను. ఉద్యోగమునకు పోవలసిన పిల్ల తన దేహమును తాను నిందించుకొనుచు పోరాదని తలచి, ఆ మూడింటిని సంచిలో పెట్టించి, ఆమెను వెంటబెట్టుకొని లష్కరునకు ప్రయాణమైతిమి.

1874 నుండి రైళ్లు వచ్చుచున్న సికింద్రాబాదు స్టేషనులో దిగి, 1897 నాటి గడియారపు స్తంభము దాటి పోయినచో జనరల్ బజారు తగులును. చీరలు, రవికగుడ్డలు, లేసులు, గుండీలు, దారపుండలు: కుట్టుపనికి కావలసినదేదియు అచట దొరకకపోదు. ఆ బజారులోనిదే ఉజ్జయినీ మహాకాళి గుడి. దండులో డోలీ మోయు సురిటి అప్పయ్య అనునతడు ఉజ్జయినిలో నున్నప్పుడు కలరా రాగా అమ్మవారికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో ఇచట ప్రతిష్ఠ చేసెనని ప్రసిద్ధి. ఆషాఢమున లష్కరు బోనాలు జరుగునపుడు ఈ సందులలో అడుగుపెట్ట సందుండదు. ఆ మాసముననే బట్టల దుకాణములవారు వెలలు తగ్గింతురు. తగ్గిన వెలకు కుదరని బట్ట కొనుట, పిమ్మట సవరణకై పరుగులెత్తుట, అన్నియు ఆ నాలుగు వీథులలోనే ముగియును.

సవరణ చేయువారిలో పలువురికి దుకాణమనదగినది లేదు. ఒకరు మేడమెట్ల క్రింద, ఒకరు మూసిన తలుపు వారన, ఒకరు రేకు చూరు క్రింద ఒక్కొక్క మిషను వేసికొని కూర్చుందురు. వెనుక గోడమేకులకు పంట్లాములు వ్రేలాడుచుండును. ప్రతిదానికిని గుండుసూదితో గ్రుచ్చిన చీటి, చీటిమీద ఒక అంకె. అంతకుమించిన లెక్కపుస్తకము లేదు. మేము పోయిన మాస్టరు అరువదియేండ్ల పెద్దమనిషి. ఆయన మా సంచిలోని పంట్లాములను తీసి, వైద్యుడు నాలుక చూపుమన్నట్లుగా, ముందు వానిని లోపలివైపునకు త్రిప్పించి కుట్లను పరీక్షించెను.

"లోపల బట్ట ఎంతున్నదో చూసినంకనే మాట చెప్తనమ్మా" అనెను.

సవరణకు మూలసూత్ర మిదియే. వదులైనదానిని ఎంతయైనను లోపలికి పట్టవచ్చును. బిగువైనదానిని కుట్టులోపల దాగిన బట్ట యెంతయో అంతవరకే విప్పవచ్చును. దర్జీ కొలతలు తీసి కుట్టిన పంట్లాములలో వెనుక నడికుట్టుకడ అంగుళమో, అంగుళమున్నరయో బట్ట మిగులుతురు; నడుముపట్టీయు అచటనే రెండు ముక్కలుగా కలియును. జీన్సు వంటి వాడుక పంట్లాములలో నడుముపట్టీ తరచుగా ఒకే ముక్క. లోపల మిగిల్చిన బట్ట స్వల్పము. ఉన్న కొంచెమును విప్పినను పాత సూదిరంధ్రములు, రంగు వెలియని చార బయటపడును.

ప్రక్క దుకాణపు ఇల్లాలు దయతో లోపలి గది చూపగా మా మేనకోడలు ఒక్కొక్కటియే తొడిగికొని వచ్చెను. మొదటిది తుంటికిని తొడలకును చక్కగా నుండి నడుముకడ వదులైనది. మాస్టరు సంతోషించెను. వెనుకనున్న బెల్టు ఉంగరమును, నడుముపట్టీని, నడికుట్టును విప్పి, అధికమైన బట్టను లోపలికి పట్టి, పట్టీని కోసి మరల అతికి, ఆ యతుకు కనబడకుండ ఉంగరమును దానిమీదనే కుట్టుట దీనికి సరియైన పద్ధతి. ఒకటి రెండంగుళములవరకు ఇట్లు తగ్గింపవచ్చును. అంతకుమించినచో వెనుక జేబులు రెండును దగ్గరకు జరిగి చూపునకు వికారమగును. కొందరు పట్టీతోసహా ఇరుప్రక్కల చిటికెడు బట్ట మడిచి కుట్టివేయుదురు. పని త్వరగా ముగియును గాని మడతలు గడ్డలుకట్టి ఒంటికి ఒరయును.

రెండవది నడుమునకు అతికినట్లున్నను, కూర్చుండగానే కాళ్లు కలియు చోటినుండి తొడలమీదికి పిల్లిమీసములవలె ముడుతలు పడెను. దర్జీలు ఆసనమని పిలుచు భాగము, అనగా నడుమునుండి కాళ్లు కలియు చోటివరకు గల కొలత, చాలకున్న గుర్తు అది. లేని బట్టను పుట్టింప ఏ మిషనునకును శక్తిలేదు. "ఇది వాపసు ఇయ్యుండ్రి. పైసలు తీసుకున్నా పని కాదు" అని మాస్టరు దానిని మడిచి మా చేతికిచ్చెను. వచ్చిన బేరమును కాదనుకొని నిజము చెప్పిన ఆయనపై మాకు గురి కుదిరెను.

మూడవదానికి పొడవు తగ్గించి, మోకాలి క్రిందనుండి కొంత సన్నము చేయవలెను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఉతికిండ్రా?" అని. నూలుబట్ట మొదటి ఉతుకులకు ముడుచుకొనును. ఉతుకకముందే కత్తిరించినచో తరువాత చీలమండ బయటపడును. రెండవ ప్రశ్న, "ఏ చెప్పులు తొడుగుతరు?" అని. మడమ యెత్తునుబట్టి పొడవు మారును. పిమ్మట రెండు కాళ్లను వేరువేరుగ కొలిచెను. మనుష్యులలో చాలమందికి రెండు కాళ్లును సరిసమానముగ నుండవట. సన్నము చేయునపుడు లోకుట్టును బయటికుట్టును సమముగా పట్టవలెను. ఒకవైపే పట్టినచో బట్ట కాలిచుట్టు మెలి తిరుగును. జీన్సు అడుగంచునకు సహజముగ వెలిసిన అందముండును. అది పోకూడదనుకొనువారు ఆ యంచును కోయించి, పొడవు తగ్గించిన పిమ్మట మరల దానినే అతికింపుమని ముందే చెప్పవలెను. సాగుడు బట్టలు వేరు జాతివి. 1958లో కనుగొనబడిన స్పాండెక్సు నూలుతో కలియుటచే వానికి సాగుడు కలిగినది. వానికి మొన గుండ్రనైన సూదియు, వేడి తక్కువైన ఇస్త్రీయు కావలెను.

మూడును ఒకే అంకె గలవి గదా, మూడు విధములుగ నేల యున్నవని మా మేనకోడలు అడిగెను. అంకె నడుము నొక్కదానినే చెప్పును; తుంటిని, తొడను, ఆసనమును చెప్పదు. ఒక్కొక్క కంపెనీవారు ఒక్కొక్క నమూనాదేహమును ఎదుట నిలుపుకొని కత్తిరింతురు. ఆ నమూనాలలో పెక్కు పరదేశపు కొలతలనుండి వచ్చినవి. మనవారి దేహములకు తగిన కొలతల పట్టిక కావలెనని నిఫ్ట్ అను జాతీయ వస్త్రవిద్యాసంస్థవారు 25,000 మందిని ఆరు నగరములలో కొలుచుటకు సంకల్పించిరి. ఈ సంకల్పము 2018లో ప్రకటితమైనది. ఆ యారింటిలో హైదరాబా దొకటి. పట్టిక యెంత మంచిదైనను అది వేలమందికి మధ్యస్థమైన కొలత. మన కొలత మనదే.

గోడమీద ఖాకీ పంట్లామును నీలి జీన్సును ప్రక్కప్రక్కన వ్రేలాడుచుండెను. ఖాకీ యనగా పారసీకమున ధూళివర్ణము. 1846లో పెషావరున నేర్పడిన గైడ్సు దళమునకు హ్యారీ లమ్స్‌డెన్ ఆ రంగు దుస్తులు తొడిగించెను. జీన్సు కథయందు ఒక యిల్లాలు కలదు. అమెరికాలో నెవాడా రాష్ట్రపు రీనో పట్టణమున జేకబ్ డేవిస్ అను దర్జీ యుండెను. 1870-71 శీతకాలమున, కట్టెలు కొట్టువాని భార్య యొకతె వచ్చి, తన భర్తకు గట్టి పంట్లాము కావలెనని కోరెను. చినుగు చోట్లు బిగియునట్లు డేవిస్ జేబుల మూలలందు రాగి రివిట్లు కొట్టెను. పిమ్మట తనకు బట్ట అమ్ము లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20వ తేదీన పేటెంటు పొందెను. ఇల్లాలు దర్జీకి చెప్పిన మాట యెంత దూరము పోగలదో చూడుడు!

ఇంకొక మాట. ఆడువారి పంట్లాములకు పెట్టు జేబులలో పెక్కింటియందు ఫోను పట్టదు, డబ్బుసంచియు పట్టదు. మాస్టరు జేబు అడుగు విప్పి అరచేతి నిడివి నూలుబట్ట అతికి లోతు చేసెను. సొంత జేబులో సొంత డబ్బు పెట్టుకొని నడచు పిల్లకు అది స్వల్పలాభము కాదు.

మరునాటి సాయంకాలము పంట్లాములకై పోయి కూర్చుండియుండగా ఒక తల్లి పదునారేండ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె సంచిలో నాలుగు పంట్లాములు ఇస్త్రీ మడతతోనే యున్నవి.

"వీళ్ల నాయనవి, మాస్టరు. వీనికి సరిచేయాలె. కాలేజీకి పోతడు."

నాయన యేమైనాడని మాస్టరు అడుగలేదు. పిల్లవాడు తల వంచుకొని నిలిచెను. తండ్రి నడుము పెద్దది, కొడుకు కాళ్లు పొట్టివి. మాస్టరు కొలతలు తీసికొని సుద్దతో గీసెను గాని కత్తెర పట్టలేదు. ఆ తల్లి, "మిగిలింది కోసెయ్యుండ్రి, ముద్దగ ఉంటదేమో" అనెను.

"కోయనమ్మా. నడుముల బట్ట లోపలికి పడుత, కాళ్లది లోపలికి మడుత. ఇంక ఎదుగుతడు. వచ్చే యేడు తీస్కరా, విప్పి ఇస్త. కోసినంక నేనేడికెల్లి తేను?"

ఆమె మారుమాటాడలేదు. ఒక పంట్లామును విప్పి ఒకసారి చేతితో నిమిరి, బల్లమీద పెట్టెను. పిల్లవాడు మాత్రము, "పైకి కనబడదు కదా?" అని మెల్లగా అడిగెను. "కుట్టినోనికి నాకే కనబడదు పో" అని మాస్టరు నవ్వెను. ఆ మాటతో ఆ బాలుడును తల యెత్తెను.

అంతలో మా చీటి వంతు వచ్చినది. మా మేనకోడలు రెండు పంట్లాములను తొడిగిచూచుకొని, వంగి, కూర్చుండి, మెట్టెక్కి దిగి, "తప్పు నాది కాదత్తయ్యా, కొలతది" అనెను. ఆమెచే ఆ మాట అనిపించుటకే మేము లష్కరునకు పోయితిమి.

సోదరీమణులారా, పంట్లాము కొనునపుడు దేహమున విశాలమైన చోటికి సరిపడునది కొనుడు. నడుమును దర్జీ చూచుకొనును. కొనకముందు దానిని తిరగవేసి లోపలి బట్ట యెంతయున్నదో చూడుడు. సవరణకు ఇచ్చుటకు ముందు ఉతుకుడు. రవికకు ఆది రవిక తీసికొని పోవునట్లే, బాగుగ కుదిరిన పాత పంట్లామునొకదానిని ఆదిగా తీసికొని పొండు. గదిలేని చోట అదియే కొలత. నడుమును ముందు, పొడవును చివర సరిచేయింపుడు. నడుము మారిన పొడవును మారును. ఎదుగు పిల్లల బట్టలైనచో, కోయవద్దు, మడువుమని ఒకమాట చెప్పుడు. కూలి కడ మరీ బేరమాడకుడు. కుట్టుట గడియ పనియైనను, ముందు బట్ట చినుగకుండ పాతకుట్టు విప్పుటకు చాల ఓర్పు పట్టును. ఆ మెట్లక్రింది మసకవెలుతురున కూర్చుండి అదంతయు చేయుచున్నది వారి కన్నులే.