అడుగుల లెక్క

అధ్యాపకవృత్తిలో ప్రవేశించక పూర్వము, 2010 ప్రాంతమున మేము చెన్నపట్నములో ఒక ఫిలిం లాబొరేటరీ తరఫున నిర్మాతల ఇండ్లకు తిరిగి ప్రింట్ల ఆర్డర్లు సంపాదించేవారము. బేరమంతా అడుగుల మీదనే. 35 మిల్లీమీటర్ల ఫిలిం 1000 అడుగులు తెరపై సుమారు 11 నిమిషాలు నడిచేది. డిజిటల్ ప్రదర్శన వచ్చినది; అడుగులతో అక్కర తీరినది, మా కొలువూ తీరినది.

ఇటీవల కోడంబాకం వెళ్ళాము. తెలుగు చిత్రపరిశ్రమ ఏనాడో హైదరాబాదు చేరినది. నెగటివ్ కత్తిరించే వృద్ధ మిత్రుడొకరు ఒక అపార్టుమెంటు వాకిట కాపలాదారుగా కనిపించారు. నెగటివ్ ఒక్కటే గనుక, కోత తప్పితే దిద్దుబాటు లేదు. ఆయన చేయి ఎన్నడూ తప్పలేదు.

"ఇప్పుడేం అమ్ముతున్నారు సార్?" అన్నారు.

"పాఠాలు."

"వాటిని అడుగుల్లో కొలవరు కదా!" అని నవ్వారు.

విద్యార్థి మిత్రులారా, యంత్రము మారినంతలో పనితనము విలువ తగ్గదు. తగ్గినది మన గుర్తింపు మాత్రమే.