వేట లేని వేట పండుగ

ఎండాకాలం మొదట్లో మారేడుమిల్లి వెళ్తున్నారా? జేబులో కాస్త చిల్లర ఉంచుకోండి. ఏదో ఒక మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా వెదురు గడ పెట్టి ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉంటారు. పదో ఇరవయ్యో చేతిలో పెడితేగానీ గడ పైకి లేవదు. 'ఇదేం వసూళ్లు?' అని విసుక్కోకండి. అది భూమి పండుగ. మగవాళ్లు వేటకు వెళ్లిన ఆ రోజుల్లో దారులన్నీ ఆడవాళ్లవే!

రాజమండ్రి నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. గోకవరం దాటాక పచ్చటి చేలు వెనకబడతాయి. రంపచోడవరం దగ్గరికొచ్చేసరికి చుట్టూ కొండలే. 2022 దాకా ఇదంతా తూర్పు గోదావరి జిల్లానే. గోదావరిని ఆనుకుని ఉన్న పాపికొండలను ఆంగ్లేయులు 'బైసన్ హిల్స్' అనేవారు. అంటే అడవిదున్నల కొండలు. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఇక్కడి కొండరెడ్ల గురించి 1945లో వెలువరించిన పుస్తకానికీ ఆ పేరే పెట్టారు.

గోడ మీది తుపాకీ

ఈ కొండలకు ఒకప్పుడు డెల్టా నుంచీ వేటగాళ్లు వచ్చేవారు. కోనసీమలో మా తాతగారింట్లో రెండు గొట్టాల తుపాకీ ఉండేదట. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. సంక్రాంతి వెళ్లి, కోతలూ నూర్పిళ్లూ అయ్యాక తాతయ్య దాన్ని గోడ మీంచి దించేవారు. గొట్టాలు విడదీసి, కడ్డీకి గుడ్డ చుట్టి లోపలంతా తుడిచేవారు. కీళ్లకు కుట్టుమిషను నూనె వేసేవారు. వెలుగుకేసి పెట్టి ఒంటికన్నుతో చూసి, గొట్టం అద్దంలా మెరిస్తేనే పక్కన పెట్టేవారు. తూటాలను అరుగు మీద ఎండకు పెట్టి లెక్కపెడుతుంటే పిల్లలెవరూ ఆ దరికి వెళ్లకూడదు!

ఆ రోజులనే ఎంచుకోవడానికి కారణం ఉంది. మాఘం, ఫాల్గుణాల్లో అడవిలో ఆకు రాలుతుంది. చూపు దూరం పారుతుంది. వాగులు ఎండి ఒకటీ అరా మడుగులే మిగులుతాయి. దుప్పి అయినా, కణితి అయినా నీటికి అక్కడికి రావలసిందే. కొండల్లోని వేటగాళ్లకు ఇవన్నీ పుట్టుకతో తెలిసిన విద్యలు. వాళ్ల చేతిలో ఉండేది వెదురు విల్లు, లేదంటే మూతిలోంచి మందు దట్టించే నాటు తుపాకీ.

తుపాకీకి ఈ మన్యంలో మరో చరిత్ర కూడా ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసింది తుపాకుల కోసమే. అంతవరకూ వాళ్ల ఆయుధాలు విల్లంబులే మరి.

చట్టం వచ్చింది

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అప్పటికీ కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ తలుపూ మూసుకుంది. 1978లో అభయారణ్యమైన పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు! లైసెన్సు తుపాకులు ఉన్న ఇళ్లలో ఇప్పుడు వాటికి ఒకటే ప్రయాణం... ఎన్నికలొస్తే పోలీస్ స్టేషనుకి, అయ్యాక మళ్లీ ఇంటికి.

అలాగని చాటుమాటు వేట పూర్తిగా ఆగిందనుకోవద్దు. నాటు తుపాకులు దొరుకుతూనే ఉన్నాయి. తుపాకీ కన్నా దారుణం, పొలాల అంచున పెట్టే కరెంటు తీగలూ ఉచ్చులూ. వాటికి దుప్పి, పంది, మనిషి అన్న తేడా లేదు.

బాణానికి పదును

మారేడుమిల్లి దాటాక ఓ కొండరెడ్ల ఊళ్లో ఆగాం. చూరు కింద కూర్చుని ఓ పెద్దాయన బాణం ములికిని రాతి మీద నూరుతున్నాడు.

"వేటకేనా తాతా?" అనడిగాను.

"పండక్కి బాబూ. బాణం పట్టకుండా ఇత్తనం ఎలా జల్లుతాం?" అన్నాడు.

భూమి పండుగలో విత్తనాలను దేవత ముందుంచి మొక్కుతారు. ఆ తర్వాతే పొలంలో చల్లుతారు. వేట ఈ క్రతువులో భాగం. దొరికిన మాంసం చిన్నదైనా ఇంటింటికీ పంచాల్సిందే. అంటే వాళ్లకిది సరదా కాదు, భూమితో ఒప్పందం. కోయలు కొమ్ము నృత్యంలో తలకు కట్టుకునే అడవిదున్న కొమ్ములూ ఆ పాత బంధానికి గుర్తే.

మరిప్పుడు? వేటాడితే నేరం, మానేస్తే పండుగ బోసిపోతుంది. పైగా దేవీపట్నం వైపు పోలవరం ముంపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. పునరావాస కాలనీల్లో వరసగా కట్టిన ఇళ్లున్నాయి, ఇంటి వెనక అడవి లేదు. అక్కడి కుర్రాడు విల్లు పట్టుకుని ఎటు వెళ్లాలి? జింకను కాపాడాలని చట్టం చేసుకున్నాం, మంచిదే. జింకతో పాటు బతికిన మనిషి పండుగను ఎలా కాపాడాలో మాత్రం ఇంకా ఆలోచించుకోలేదు.

తిరిగొస్తుంటే పెద్దాయన నవ్వుతూ ఓ మాట చెప్పాడు. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారట. "ఈ మధ్య ఏటా తడుస్తున్నాను బాబూ" అన్నాడు.

ఆ పేడనీళ్లలో పండుగ బతికే ఉంది. మడుగు దగ్గర దుప్పి కూడా.