మేకపిల్లల పారుడు అన్నీ నట్టల వల్లే కాదు – నా అనుభవం

నాలుగు మేకపిల్లలు పోయాక నేను తెలుసుకున్న సంగతి ఇది. మీకు పోకముందే తెలియాలని రాస్తున్నాను.

పోయిన శ్రావణంలో మన పాచిపెంట వైపు వాన ఎడతెరిపి లేకుండా పట్టింది గదా. అప్పటికి నా దగ్గర తొమ్మిది పిల్లలు, రెండు మూడు నెలల వయసువి. కొండకి తోలలేక వారం రోజులు సాలలోనే కట్టేశాను. మట్టి నేల, ఒక మూల కారుతుంది. పెంటికలు, ఉచ్చ, వాననీరు కలిసి బురదైపోయింది. ఆ బురదలోనే రొట్ట పడేశాను. తప్పు అక్కడే మొదలైంది.

ఒకరోజు రెండు పిల్లలకి పెంటికలు కట్టకుండా ముద్దలా పడ్డాయి. లేత గడ్డి ఎక్కువైందనుకున్నా. మర్నాటికి నీళ్ల పారుడు. తోకలు అంటుకుపోయాయి, ఒకటే ముక్కడం. ఒకదానికి నెత్తుటి జీర కూడా కనిపించింది. నట్టలే అనుకుని ఇంట్లో ఉన్న ఆల్బెండజోల్ తాగించాను. తగ్గలేదని మళ్లీ పోశాను.

"ఏటండీ, మందు పడినా తగ్గట్లేదు, డాక్టరుకి చూపించండి" అంది మా ఆవిడ. "ఇంత వానలో ఎక్కడికి, రేపు చూద్దాం" అన్నాను. తెల్లారేసరికి ఒకటి పోయింది. ఆ మర్నాడు ఇంకో రెండు.

అప్పుడు కవర్లో తాజా పెంట వేసుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరు గారు మైక్రోస్కోపులో చూసి, నన్నూ చూడమన్నారు. కోడిగుడ్డు ఆకారంలో చిన్నచిన్నవి, బోలెడు. "ఇది కాక్సిడియోసిస్. నట్ట కాదు, ఒకే కణం ఉన్న జీవి, పేరు ఐమీరియా. పేగు గోడలో దూరి పెరుగుతుంది. నట్టల మందు దీనిమీద పనిచెయ్యదు" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. పెద్ద మేకల పేగులో ఇది కొద్దిగా ఉన్నా వాటికి పైకి ఏమీ కనపడదు. పెంటికలతో దీని గుడ్లలాంటివి బయటపడతాయి. పడిన వెంటనే అంటవు. తేమ, వెచ్చదనం, గాలి దొరికితే కొద్దిరోజుల్లో అంటడానికి తయారవుతాయి. బురద అంటిన రొట్ట తిన్నా, పెంట అంటిన పొదుగు చీకినా పిల్ల కడుపులోకి పోతాయి. అక్కడ ఒకటి వేలల్లో పెరుగుతుంది. ఫినాయిలుకి చావవు. ఎండకి, బాగా ఆరిన నేలకి, మరిగే నీళ్లకి చస్తాయి.

ఇంకో మాట. మా కోళ్ల వల్లే వచ్చిందని పక్కింటాయన అంటే, మా ఆవిడ రెండు పెట్టల్ని సగం ధరకి అమ్మేసింది. కోళ్లకీ ఈ జబ్బు వస్తుంది, కోడిపిల్లలు నెత్తుటి రెట్ట వేస్తాయి. కానీ కోళ్ల రకం వేరు, మేకల రకం వేరు. ఒకదాన్నుంచి ఒకదానికి రాదు.

డాక్టరు గారు పిల్లల బరువు చూసి యాంప్రోలియం ఐదు రోజులు పట్టించమన్నారు. అది ఎక్కువైతే బి1 విటమిన్ తగ్గి మెదడుకి దెబ్బట. అందుకే మీరు అంచనా మీద పొయ్యకండి. మందు పడ్డాక ఇంకొకటి పోయింది, ఐదు నిలిచాయి. వాటిలో రెండు సంక్రాంతికి కూడా ఒళ్లు చెయ్యలేదు. పేగు పాడైతే తిన్నది ఒంటికి పట్టదు మరి. ఆ పిల్లల్ని అమ్మి చిన్నమ్మాయి కాలేజీ ఫీజు కడదామనుకున్నాం. చివరికి అప్పు చేశాను.

ఇప్పుడు వెదురు బద్దలతో రెండడుగుల ఎత్తున మంచె కట్టాను. పెంటికలు సందుల్లోంచి కిందికి రాలిపోతాయి, రోజూ ఊడ్చేస్తాను. రొట్ట పైన వేలాడదీస్తాను. నీళ్ల తొట్టి ఎత్తులో పెట్టాను. పిల్లల్ని పెద్దవాటి నుంచి వేరుగా కడతాను. వెదురు కొండదే, నా చెయ్యి పనే, పెద్ద ఖర్చు కాలేదు.

సోదరులారా, పిల్లకి పారుడు కనపడిన రోజే పెంట పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లలేకపోతే 1962కి ఫోన్ చెయ్యండి. నాలాగా రేపు అనకండి.