సూర్యుడికి ఎదురుగా

ఎండను వెనక పెట్టుకుని ఫొటో తియ్యమనేది పాత సూత్రం. పెళ్లి ఫొటోల్లో మనందరం కళ్లు చికిలించుకుని నిలబడి ఉండటానికి కారణం అదే. కెన్ హోవర్డ్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు ఈ సూత్రాన్ని తలకిందులు చేశాడు. 1932లో లండన్‌లో పుట్టి 2022లో పోయిన ఈయన, ఇంప్రెషనిస్టుల దారిని మన కాలం దాకా నడిపించినవాళ్లలో ఒకడు. ఈజిల్‌ను సూర్యుడికి ఎదురుగా పెట్టుకుని, ఎదురెండలో ఊరు ఎలా కనిపిస్తుందో గీయడం ఆయనకిష్టం.

ఆయన మళ్లీ మళ్లీ వెళ్లి గీసిన ఊరు వెనిస్. అక్కడి సెయింట్ మార్క్ చర్చి ముఖం పడమటికి ఉంటుంది. పొద్దున్నే ఎదుటి చౌకులో నిలబడితే సూర్యుడు గుమ్మటాల వెనకే ఉంటాడు. స్తంభాలు, మొజాయిక్‌లు, విగ్రహాలు, యాత్రికులు పనిగట్టుకుని చూడ్డానికొచ్చే వైభవమంతా నీడలో కలిసిపోయి ఒక్క ముద్దగా మిగులుతుంది. వాన పడి వెలిస్తే ఆకాశం కిందికి దిగి రాతిపలకల మీద మెరుస్తుంది. మనుషులు చిన్న నల్లటి మరకలు. భుజాల మీద మాత్రం సన్నని వెలుగంచు. ఆ అంచొక్కటి సరైన చోట పడిందా, మరక మనిషై నడుస్తుంది. ముక్కూ మొహం గీయక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కుంది. ట్యూబులో ఉన్న తెల్లరంగు ఎంత తెల్లదైనా కాగితమంత తెల్లదే తప్ప సూర్యుడంత కాదు. కాబట్టి చిత్రకారుడు వెలుగును గీయలేడు, పక్కనున్నదాన్ని తగ్గించి వెలుగనిపించాలి. అందుకే ఇలాంటి బొమ్మలో కష్టమంతా బూడిదరంగుల దగ్గరే. నారింజ ఛాయ పక్కన పెట్టిన బూడిదరంగు నీలంగా కనిపిస్తుంది. అదే రంగును నీలం పక్కన పెడితే వెచ్చబడుతుంది. పక్క రంగును బట్టి రంగు మారి కనిపించే ఈ తీరును ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లోనే పుస్తకంగా రాశాడు. ఎండలో నిలబడి గీసేవాళ్లు మాత్రం కళ్లు సగం మూసి, వివరాలు చెదిరిపోయాక మిగిలిన ముదురూ లేతల తేడాను చూసి దాన్ని పట్టుకుంటారు.

ఇక సమయం సంగతి. సూర్యుడు మన కోసం ఆగడు. గంటా రెండు గంటల్లో నీడలు చోటు మారతాయి, బొమ్మకూ ఎదుటి దృశ్యానికీ పొంతన తప్పుతుంది. 1890-91లో గడ్డివాముల్ని గీసినప్పుడు ఇంప్రెషనిస్టు చిత్రకారుడు మోనే చాలా కాన్వాసులు పక్కన పెట్టుకుని, వెలుగు మారినప్పుడల్లా ఒకటి దించి ఇంకొకటి ఎక్కించేవాడు. అదే వాము పొద్దున ఒక ఆకారం, సాయంత్రం ఇంకో ఆకారం. గడ్డి మారలేదు, వెలుగు మారింది.

ఇదంతా చూసి కొందరికి ఇలా గీసేవాళ్లకు గీత రాదేమోనని అనుమానం. రూపం చేతకాక రంగు పులిమేశారంటారు. కానీ హోవర్డ్ లండన్ రాయల్ అకాడమీలో పర్‌స్పెక్టివ్‌కు ప్రొఫెసర్‌గా పనిచేశాడు. దూరంగా ఉన్న కిటికీ ఎంత చిన్నదవ్వాలో, వరండా గీతలన్నీ ఏ బిందువు దగ్గర కలవాలో నేర్పే గణితం లాంటి విద్య అది. చిన్నప్పుడు ఆయన రైలు యార్డులు గీసేవాడు. పట్టాలు కలిసే చోటు తప్పితే బొమ్మంతా కూలుతుంది. వెనిస్ బొమ్మల్లో ఆ చర్చి ముద్దలాగా ఉన్నా ఒరిగిపోకుండా నేల మీద నిలబడింది ఆ విద్య వల్లే. కీర్తనకు అందంగా సంగతులు వేసేవాడికి తాళం ఒంట్లో ఉండాలి కదా! వదిలేయడం తేలికే. ఏది వదిలినా ఇల్లు నిలబడుతుందో తెలియడానికే ఏళ్లు పడుతుంది.