విశ్వాసం – పందెం

"నమ్మితే పోయేదేముంది?" అన్న మాట తెలుగునాట తరచుగా వినబడుతుంది. పరీక్షలకు ముందు గుడి మెట్లెక్కే విద్యార్థి, బండి తీసే ముందు కొబ్బరికాయ కొట్టే లారీ డ్రైవరు, మొక్కు తీర్చుకొమ్మని మనుమనికి చెప్పే బామ్మ ఏదో ఒక సందర్భంలో ఈ మాట అంటూనే ఉంటారు. దేవుడుంటే మేలు కలుగుతుంది, లేకుంటే నష్టమేమీ లేదన్నది దీని తాత్పర్యం. సామాన్యంగా తోచే ఈ మాట వెనుక లోతైన తాత్త్వికప్రశ్న ఒకటి దాగి ఉన్నది. లాభనష్టాలను బేరీజు వేసి, లాభసాటి పందెంగా ఎంచి దైవాన్ని నమ్మడం సమంజసమేనా? అట్లా పుట్టిన భావాన్ని విశ్వాసమని పిలువవచ్చునా?

ఈ ప్రశ్నకు గణితభాషను సమకూర్చినవాడు బ్లేజ్ పాస్కల్. ఆయన 1623లో ఫ్రాన్సు దేశంలో జన్మించాడు. మూడేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయాడు. పన్నుల లెక్కలతో సతమతమయ్యే తండ్రికి తోడ్పడాలని, ఇరవయ్యేళ్లు నిండకముందే కూడికలు, తీసివేతలు చేసే యంత్రాన్ని నిర్మించడానికి పూనుకొన్నాడు. పీడనాన్ని కొలిచే ప్రమాణానికి నేటికీ ఆయన పేరే ఉన్నది. మధ్యలో ఆగిపోయిన జూదంలో పందెపు సొమ్మును ఆటగాళ్లకు ఏ పాళ్లలో పంచాలన్న సమస్యపై 1654లో ఫెర్మా అనే గణితవేత్తతో ఆయన జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు సంభావ్యతాశాస్త్రానికి పునాదిరాళ్లయ్యాయి. అదే సంవత్సరం నవంబరు 23 రాత్రి ఆయనకు గాఢమైన దైవానుభూతి కలిగింది. దానిని కాగితంపై వ్రాసి, తన కోటు లోపలి గుడ్డలో కుట్టి దాచుకొన్నాడు. 1662లో ఆయన మరణించిన తరువాత గాని ఆ సంగతి లోకానికి తెలియలేదు.

అనారోగ్యంతో బాధపడుతూనే క్రైస్తవ మతాన్ని సమర్థించే గ్రంథానికై పాస్కల్ వ్రాసుకొన్న చిత్తుప్రతులు 1670లో 'పాంసే' అనే పేరుతో వెలువడ్డాయి. 'ఆలోచనలు' అని ఆ పేరుకు అర్థం. ప్రసిద్ధమైన పందెపు వాదం అందులోనిదే. దేవుడున్నాడని గాని, లేడని గాని తర్కం నిరూపించలేదని ఆయన ముందే అంగీకరించాడు. అయినా మనిషి ఏదో ఒక పక్షాన నిలువక తప్పదు. జీవించడమే పందెంలో పాల్గొనడం. దేవుడున్నాడని పందెం కాసి గెలిస్తే దక్కేది అనంతమైన ఆనందం. ఓడితే పోయేది పరిమితమైన ఈ లోకసుఖం. గెలిచే అవకాశం ఎంత స్వల్పమైనా, దానిని అనంతంతో గుణిస్తే వచ్చే ఫలితం అనంతమే. కనుక బుద్ధిమంతుడు దేవుని పక్షానే పందెం కాస్తాడన్నది ఆయన సిద్ధాంతం.

లెక్క ముచ్చటగానే ఉన్నది. కాని దానికి బలమైన ఆక్షేపణలు ఎదురయ్యాయి. ఒక విషయాన్ని నమ్మడం లాభదాయకమైనంత మాత్రాన అది సత్యమని రుజువు కాదని వోల్టేరు 1734లో విమర్శించాడు. ఇదే వాదాన్ని మరొక మతానికి చెందిన ఇమాము కూడ చేయవచ్చునని దిదెరో చమత్కరించాడు. లోకంలో మతాలు అనేకం. ఒక్కొక్కటి ఒక్కొక్క అనంతఫలాన్ని వాగ్దానం చేస్తే ఏ గడిలో పందెం కాయాలో గణితం చెప్పలేదు. ప్రతిఫలాపేక్షతో నమ్మే ఇటువంటివారిని దైవం ఆ ఫలానికే దూరం చేయవచ్చునని అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1896లో వ్యాఖ్యానించాడు.

వీటన్నింటికంటె మౌలికమైన చిక్కు మరొకటి ఉన్నది. సంకల్పించినంత మాత్రాన నమ్మకం కలుగదు. ఆకాశం ఆకుపచ్చగా ఉన్నదని నమ్మితే లక్ష రూపాయలిస్తామన్నా ఎవడూ నమ్మలేడు, నమ్మినట్లు నటించగలడు. ఈ చిక్కును పాస్కల్ ఎరుగకపోలేదు. విశ్వాసుల వలె ఆచరించడం మొదలుపెడితే మనస్సు క్రమంగా దారికి వస్తుందని ఆయన సమాధానం. సాధనవల్ల మనస్సు మారుతుందన్న మాట నిజమే. అయితే సాధన సత్యాన్నే కాక అసత్యాన్ని కూడ అలవాటు చేయగలదు. కాబట్టి అలవాటు బలపడడం ఒక్కటే విశ్వాసానికి ప్రమాణం కాజాలదు.

భారతీయులకు కూడ ఈ వాదరీతి కొత్తది కాదు. పాలిభాషలోని మజ్ఝిమనికాయంలో 'అపణ్ణకసుత్తం' అనే సంభాషణ ఉన్నది. పరలోకం ఉన్నదా, లేదా అన్న సందేహాన్ని బుద్ధుడు అక్కడ జూదపు పరిభాషలోనే చర్చించాడు. పరలోకముంటే సత్ప్రవర్తకునికి అక్కడా మేలే. లేకున్నా అతడు ఈ లోకంలో పెద్దల మెప్పు పొందుతాడు. రెండు విధాలా అతనిది గెలుపు పందెం. దుష్ప్రవర్తకునిది రెండు విధాలా ఓటమి. ఈ వాదంలో నడవడికి ఉన్న ప్రాధాన్యం గమనింపదగినది. దాని ఫలం మరణానంతరమే కాక ఈ జీవితంలోనూ కనబడుతుంది.

మహాభారతంలోని అరణ్యపర్వం మరొక దృష్టిని చూపుతుంది. ధర్మాన్నే నమ్ముకొన్నవానికి ఇన్ని కష్టాలెందుకని ద్రౌపది నిలదీసినప్పుడు, తాను ఫలాన్ని ఆశించి ధర్మాన్ని ఆచరించడం లేదని ధర్మరాజు బదులు చెప్తాడు. ధర్మంతో వర్తకం చేసేవాడు హీనుడని కూడ అంటాడు. జూదంలో రాజ్యాన్ని, తమ్ములను, భార్యను సైతం ఒడ్డి ఓడిన మనిషి నోట ఈ మాట రావడం విశేషం. పందెమంటే ఏమిటో అతనికి అనుభవంతో తెలుసు. అయినా ధర్మాన్ని మాత్రం పందెపు పలక మీద పెట్టలేదు.

పోతన భాగవతంలోని గజేంద్రుని కథ తెలుగువారికి చిరపరిచితం. మొసలి పట్టులో బలమంతా సన్నగిల్లిన వేళ, ఉన్నాడని అందరూ చెప్పే దేవుడు నిజంగా ఉన్నాడో లేడోనన్న సంశయం గజేంద్రుని మనస్సులో మెదలుతుంది. ఆ సంశయాన్ని పోతన దాచలేదు. దోషంగా చిత్రించనూ లేదు. అయితే గజేంద్రుడు సంశయాన్ని లెక్కలతో తీర్చుకొనలేదు. తన అశక్తతను ఉన్నదున్నట్లు నివేదించుకొన్నాడు. పందెం కాసేవాడు తన చేతిలో కొంత మిగుల్చుకొంటాడు. శరణు కోరేవానికి మిగుల్చుకొనడానికి ఏమీ ఉండదు.

అట్లని పాస్కల్ వాదాన్ని పూర్తిగా త్రోసిపుచ్చనక్కరలేదు. వానలు రాకముందే విత్తనాలు సిద్ధం చేసుకొనే అనంతపురం మెట్టరైతు కూడ ఒక విధంగా పందెం కాస్తున్నాడు. నిశ్చయజ్ఞానం కలిగేదాకా ఆగితే అదను దాటిపోతుంది. ఆ రైతు విత్తడం సమంజసమే. కాని వాన పడుతుందని తనను తాను నమ్మించుకొనవలసిన అగత్యం అతనికి లేదు; అనుమానంతోనే విత్తవచ్చును. పైగా పంట పండిందో ఎండిందో నాలుగు నెలల్లో తెలుస్తుంది. మరుసటి ఏడు జాగ్రత్తపడవచ్చును. దైవవిషయంలో వేసిన పందెం ఫలితం బ్రతికి ఉండగా తేలదు.

కాబట్టి పందెపు లెక్క అన్వేషణకు ప్రేరణ కాగలదు గాని విశ్వాసానికి ఆధారం కాజాలదు. దైవమున్నదో లేదో తెలుసుకొనడానికి శ్రమించడం వివేకమేనని ఆ లెక్క ఒప్పించగలదు. అంతకు మించి అది చేయగలిగింది తక్కువ. పెద్దల నుండి సంక్రమించిన నమ్మకాన్ని యౌవనంలో ప్రశ్నించుకొనే విద్యార్థికి ఈ భేదం తెలియడం అవసరం. సంశయం కలిగినప్పుడు భయంతో నమ్మినట్లు నటించనక్కరలేదు. నమ్మేవారిని గేలి చేయనూ అక్కరలేదు. నిజాయితీ, దయ, శ్రమ అన్నవి ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా వాయిదా వేయదగినవి కావు. వాటిని ఆచరిస్తూ నిజాన్ని వెదకేవానికి ఆ వెదకులాట ఎక్కడికి చేర్చినా, అక్కడ కలిగే నమ్మకం అతని సొంతమవుతుంది.